గిఫ్ట్ చెట్లకు మూడో ఎండాకాలం లెక్క అడగండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మాది ధర్మవరం దగ్గర ఒక పల్లె. ముప్పై ఏళ్ల పైచిలుకు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. అడవుల గురించి చదువుకున్నవాణ్ణి కాదు. కానీ ధర్మవరం, కదిరి, చెన్నేకొత్తపల్లి రోడ్ల పక్కన ఉన్న కొండల్ని బస్సు కిటికీలోంచి మూడు దశాబ్దాలు చూసినవాణ్ణి. ఏ కొండ ఎప్పుడు బోడి అయిందో, ఏది మళ్లీ పచ్చబడిందో కొంచెం చెప్పగలను. ఈ ఉత్తరం ఒక బహుమతి గురించి.

మా చెల్లెలి కూతురు డాలస్‌లో ఉంటుంది. నా షష్టిపూర్తికి ఏం పంపుతుందో అని ఇంట్లో అందరూ ఎదురుచూశారు. ఫోన్‌కి ఒక సర్టిఫికెట్ వచ్చింది. ‘మీ పేరిట 100 చెట్లు నాటబడినవి’ అని రాసి, పక్కన ఆకు బొమ్మ, కింద అక్షాంశ రేఖాంశాలు వేశారు. చెట్టుకు 150 రూపాయల లెక్కన 15,000 కట్టింది ఆ పిల్ల. “మామా, యాడో కాదు, మన జిల్లాలోనే నాటాలని చెప్పి మరీ కట్టినా” అంది. నాకు పట్టుపంచె వచ్చినా అంత సంతోషం వేసి ఉండేది కాదు. సర్టిఫికెట్ ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, మా అమ్మానాన్నల ఫొటో పక్కన తగిలించాను. ఆ ఫ్రేముకు అయిన 350 రూపాయలు నావి.

మొక్కలు నాటింది ఆగస్టులో. నేను చూడ్డానికి పోయింది మరుసటి ఏడు మే నెలలో. మనవడు ఫోన్‌లో ఆ నంబర్లు కొట్టి దారి చెబుతుంటే, స్కూటర్ మీద పోయి, చివర్లో ఒక కిలోమీటరు నడిచి గుట్ట ఎక్కాం. పొద్దున తొమ్మిదింటికే రాళ్లు కాలుతున్నాయి. గుంతలు వరసగా బాగానే తీశారు, తాడు పట్టి తీసినట్టు. ఒక్కో గుంత జానెడు లోతు కూడా లేదు. ఒకదాంట్లో ఎండిపోయిన పుల్లను పట్టి లాగితే నల్ల ప్లాస్టిక్ కవరుతో సహా చేతిలోకి వచ్చింది. కవరు కూడా విప్పకుండా పాతేశారు. లోపల వేరు బయటికి దారిలేక కవరు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంది, బావి గిలకకు చుట్టిన చేంతాడు లాగా.

గొర్రెలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగాడు.

“ఏం ఎతుకుతాండావు సారూ?”

“నా చెట్లు.”

“నీ చెట్లా? యాడివి?”

సర్టిఫికెట్ చూపిస్తే చదువు రాదన్నాడు. చదివి వినిపించాను. నవ్వలేదాయన. “ఆ పొద్దు రెండు కార్లు, ఒక వ్యాను వచ్చినాయి. ఫొటోలు తీసుకున్నారు. మళ్లా నీళ్లు పోసేదానికి ఎవురూ రాల్యా. ఉగాదికే సగం ఎండిపాయ” అన్నాడు. ఆ తర్వాత అన్నమాట నాకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. “నాటేదానికి ముందు జేసీబీ తెచ్చి ఈడుండే సిగర, రేగు, తంగేడు అంతా తోసేసినారు. అవి ఉండుంటే ఈ పొద్దు మా గొర్రెలకు నీడన్నా ఉండేది.”

కండక్టర్ బుద్ధి పోదు కదా, లెక్క పెట్టడం మొదలుపెట్టాను. గుంతలు వంద కాదు, తొంభై నాలుగు. సరే, రాయి అడ్డం వచ్చిందేమో అనుకుందాం. బతికున్నవి తొమ్మిది. ఐదు కానుగ, మూడు వేప, ఒకటి నిద్రగన్నేరు. మనవడు ఇంకో పక్క వెతుకుతూ “తాతా, ఇవి మనవేనా?” అని పిలిచాడు. పోయి చూస్తే జేసీబీ నరికేసిన చిగర మొద్దులు, పెద్దాయన సిగర అన్నది వీటినే. వాటి నుంచి వేలెడు పొడవున లేత చిగుళ్లు వచ్చాయి. మే నెల, చుక్క నీరు లేదు, అయినా పచ్చగా ఉన్నాయి. అవి కూడా లెక్క పెట్టాను, నలభై ఒకటి. వాటికి ఎవరూ 150 రూపాయలు కట్టలేదు.

మంత్రి గారూ, బస్సులో నా పని ఏమిటంటే, ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు, ఇప్పుడు లోపల ఎంతమంది ఉన్నారు అన్నది నోటికి రావాలి. టికెట్లకూ తలకాయలకూ తేడా వచ్చిందా, చెకింగ్ వాళ్లు నడిరోడ్డు మీద బస్సు ఆపి నిలబెడతారు. సర్వీసంతా ఆ టెన్షన్‌తోనే గడిచింది. మొక్కలు నాటే దగ్గర మాత్రం ఎక్కించిన లెక్క రాసుకుని డిపోకు పోయినట్టే ఉంది వ్యవహారం. వనం-మనం అన్నాం, పచ్చతోరణం అన్నాం. ప్రభుత్వాలు మారినప్పుడల్లా కార్యక్రమం పేరు మారింది. ఎన్ని కోట్లు నాటామన్న బోర్డు మాత్రం మారలేదు. ఇప్పుడు ఆ బోర్డులోకి ప్రైవేటు గిఫ్ట్ చెట్లు కూడా వచ్చి చేరాయి. పుట్టినరోజుకు చెట్టు, పెళ్లిరోజుకు చెట్టు, పోయినవాళ్ల జ్ఞాపకానికి చెట్టు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) ఖాతాకు పదివేల చెట్లు. డబ్బు పెట్టేవాళ్ల మనసు మంచిదే, నేను వాళ్లను అనడం లేదు. మా పిల్లను అంటానా?

మా నేల సంగతి మీకు తెలియంది కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాను రెండుగా విడదీసి మమ్మల్ని శ్రీ సత్యసాయి జిల్లాలో వేశారు గానీ, వానకు ఆ సంగతి తెలియదు, రెండు పక్కలా ఒకే కరువు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘం పడమటి కనుమల అవతలే బరువు దించుకుని మా దగ్గరికి ఖాళీ బండిలా వస్తుంది. ఈశాన్య రుతుపవనం కోస్తా నుంచి ఇంతదూరం వచ్చేలోపు నీరసపడుతుంది. పడిన ఆ కాస్తా నాలుగు రోజుల్లో కురిసి, ఎర్రమట్టిని కోసుకుని వంకల్లో పోతుంది. కొండల మీద మట్టి ఎక్కడైనా మూరెడు ఉంటే గొప్ప. అలాంటిచోట ఆగస్టులో పెట్టిన మొక్క బతకాలంటే సెప్టెంబరు, అక్టోబరు వానలకు వేరు లోపలికి దిగాలి, తర్వాత జూన్ దాకా ఆ వేరు మీదే ప్రాణం నిలుపుకోవాలి.

నీళ్లు పోసి బతికించాలంటే ఎంత పని? మామూలు బిందెకు 15 లీటర్లు పడతాయి. మొక్కకు వారానికి ఒక్క బిందె, ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఇరవై వారాలు, వంద మొక్కలు. మొత్తం 30,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరు. గుట్ట మీదికి ట్యాంకర్ ఎక్కదు. కింద దించి మనుషులు మోయాలి, రెండువేల బిందెలు. ఇది ఒక్క ఎండాకాలానికే. చెట్టు తనంతట తాను నిలబడడానికి మూడు ఎండాకాలాలు కాచుకోవాలని మా ఊరి పెద్దలు అంటారు. మా పిల్ల కట్టిన 15,000ను కూలి రోజుల్లోకి మార్చి చూశాను. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే దాదాపు 49 రోజుల పని. మొక్కల ఖరీదు, గుంతల కూలి పోను మిగిలినదాంతో ఊళ్లో ఒక మనిషికి వారానికో రోజు ఎండాకాలమంతా పని ఇచ్చి ఉండొచ్చు. అంత ఖర్చు రాదు. రానిదల్లా ఆ మనిషిని అడగాలన్న ఆలోచనే.

చనిపోయిన మొక్కల గురించి ఎవరిని అడిగినా ఒకటే జవాబు, ‘మేకలు తిన్నాయి’. మేకలు తింటాయి, అబద్ధం కాదు. కానీ ఆ మేకల మనిషి తాతల కాలం నుంచి ఆ గుట్ట మీదే మేపుకుంటున్నాడు. ఒక పొద్దున లేచి చూస్తే అతని మేత భూమిలో డాలస్‌లోనో హైదరాబాద్‌లోనో ఉన్నవాళ్ల పేర్లతో గుంతలు వెలిశాయి. ఆయన్ను ఒక్కమాట అడిగారా? అడిగి, ఎండాకాలం నీళ్లు పోసే పని ఆయన ఇంటివాళ్లకే ఇచ్చి ఉంటే, ఆ మేకలు అటుపక్కకే పోయేవి కాదు.

దీనికి దారి కనిపెట్టడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. నా బస్సు పోయే దారిలోనే ఉంది. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 1990లో బీడు పడిన 32 ఎకరాలు కొనుక్కుని మొదలుపెట్టారు. ఆ తర్వాత ముష్టికోవెల, చుట్టుపక్కల ఊళ్ల జనంతో కలిసి కొండలు కాయడం మొదలైంది. అదే ఇప్పుడు కల్పవల్లి. ఏడువేల ఎకరాల పైమాటే. నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో ఆ కొండలు గుండు కొట్టించుకుని ఎండలో కూర్చున్నట్టు ఉండేవి. ఇప్పుడు వానాకాలంలో పోయి చూడండి. వంకల వెంట ఈత చెట్లు, నడుముదాకా బోద గడ్డి. ఈత ఆకుతో బుట్టలు, చాపలు అల్లుకునేవాళ్లు, గడ్డి కోసి ఇళ్లు కప్పుకునేవాళ్లు, మందలు తోలుకొచ్చే గొర్రెల కాపరులు. ఆ కొండల్లో తోడేళ్లు కూడా ఉన్నాయి.

అక్కడ కోట్ల మొక్కలు నాటారనుకుంటారు చాలామంది. నాటారు, విత్తనాలూ చల్లారు. కానీ ఆ అడవిలో ఎక్కువ భాగం దానంతట అదే లేచింది. మనుషులు చేసిన పెద్ద పని మంటలు ఆపడం. ఎండిన గడ్డి కాల్చితే లేత గడ్డి వస్తుందని ఎవరో అగ్గిపుల్ల గీస్తారు, పైకి వచ్చిన పిలకలన్నీ ఒక్క రాత్రిలో బూడిద. అందుకని ఎండలు ముదరకముందే గడ్డి చెక్కి మంట దాటకుండా బాటలు తీస్తారు. కావలి మనుషులుంటారు, పొగ లేస్తే పచ్చి కొమ్మలు పట్టుకుని ఊళ్లోవాళ్లు పరుగెత్తుతారు. నేల అడుగున వేర్లు బతికే ఉన్నాయి సార్. మా గుట్ట మీద నలభై ఒక్క చిగర మొద్దులు చెప్పింది అదే. వాటిని కాల్చకుండా, కొట్టకుండా, మూడునాలుగేళ్లు ఊపిరి పీల్చుకోనిస్తే చాలు. నర్సరీ మొక్క కవరులో పెరిగి మన నేలకు కొత్తగా వస్తుంది. మొద్దులోంచి వచ్చే పిలకకు పాత వేరు లోపల ఎప్పుడో దిగి ఉంటుంది.

కానీ ఇంత చేసిన కల్పవల్లి భూమి రెవెన్యూ రికార్డులో బంజరే. బంజరు అన్న ఒక్కమాట చాలు. ఆ కొండల మీద గాలిమరలు వచ్చాయి, వాటికోసం రోడ్లు కోశారు, వ్యవహారం పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. కరెంటు వద్దని కాదు. ముప్పై ఏళ్లు ఊళ్లు కాపాడిన అడవికి కాగితం మీద అడవి అనిపించుకునే యోగ్యత లేకపోవడం ఏమిటన్నదే నా బాధ.

ఈ బంజరు అన్నమాట గిఫ్ట్ చెట్లవాళ్లకూ తెగ ఇష్టం. ముళ్లపొదలు, గడ్డి, రాళ్లు కనబడితే చాలు, ఇక్కడ ఏమీ లేదు, నాటేద్దాం అంటారు. కడప జిల్లాలో అలాంటి ముళ్లపొదల మధ్యే ఒక పిట్ట ఉంది. ఇక లేదనుకున్న కలివికోడి 1986 జనవరిలో మళ్లీ కనబడింది, అదీ ఐతన్న అనే మన పల్లె మనిషి సాయంతో. పక్షుల శాస్త్రజ్ఞులు ఏళ్లతరబడి వెతుకుతుంటే, రాత్రిపూట ఆయన చేతికి చిక్కింది. కలివి పొదల్లో తిరిగేది కాబట్టి కలివికోడి. ఆ పొదలు పీకి నిద్రగన్నేరు నాటితే మనకు నీడ వస్తుందేమో గానీ కలివికోడి మిగలదు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఉన్నది ఆ పిట్ట కోసమే కదా. మీ శాఖకు నేను చెప్పాలా?

చెప్పాల్సిన పని లేదనే నా నమ్మకం. 2024లో వనమహోత్సవం ముందు కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు నాటొద్దని మీ శాఖ నుంచే పిలుపు వచ్చింది. చాలా సంతోషించాను. ఆ మాటే ఇంకొంచెం ముందుకు పోవాలి.

నేను కోరేది పెద్ద పథకం కాదు, ఒక జీవో. ప్రభుత్వ భూమిలో, అది అటవీ శాఖదైనా రెవెన్యూదైనా, ఎవరు జనం దగ్గర డబ్బు తీసుకుని చెట్లు నాటినా, ఆ డబ్బులో మూడోవంతే నాటిన రోజు వాడుకోవాలి. ఇంకో మూడోవంతు రెండో ఎండాకాలం దాటాక, మిగిలింది మూడో ఎండాకాలం దాటాక, బతికున్న చెట్ల లెక్క చూసి ఇవ్వాలి. లెక్క పెట్టేది నాటినవాళ్లు కాకూడదు. గ్రామసభ తరఫున ఇద్దరు, దగ్గర్లోని డిగ్రీ కాలేజీ పిల్లలు నలుగురు చాలు. మా చెకింగ్ స్క్వాడ్ లాగా చెప్పకుండా రావాలి. వచ్చిన లెక్కను ఆ స్థలంలోనే తెలుగులో బోర్డు రాసి పెట్టాలి, నాటినవి ఇన్ని, ఉన్నవి ఇన్ని అని. డబ్బు కట్టినవాళ్ల ఫోన్‌కు కూడా అదే పోవాలి. మొదటి సర్టిఫికెట్ అంత అందంగా లేకపోయినా పర్వాలేదు.

నాటే ముందు ఆ భూమిలో మేపుకునేవాళ్లు కూర్చుని ఒప్పుకోవాలి. కావలి పని, నీళ్ల పని వాళ్లకే దక్కాలి. 1992 నుంచి మనకు వన సంరక్షణ సమితులన్న ఏర్పాటు ఉంది, చాలా ఊళ్లలో పుస్తకాల్లోనే మిగిలింది. ఈ డబ్బుతో దాన్ని లేపొచ్చు. ఇంకోమాట. చెట్టునే గిఫ్ట్ ఇవ్వాలని ఏముంది? ‘మీ పేరిట ఒక ఎకరాన్ని మూడేళ్లు మంట నుంచి కాపాడుతున్నాం’ అని కూడా గిఫ్ట్ ఇవ్వొచ్చు. అందులో లేచే పిలకల్ని కూడా చెట్లలో లెక్కవేయనివ్వండి. జేసీబీతో పొదలు తోసి గుంతలు తీసేవాళ్లకు మాత్రం అసలు అనుమతే ఇవ్వొద్దు. ఈ ఒక్క ముక్క రేపే చేయొచ్చు, డబ్బు కూడా అక్కర్లేదు.

నర్సరీల సంగతి కూడా ఉంది. మన నర్సరీకి పోతే కానుగ, వేప, నేరేడు, ఎర్రపూల తురాయి దొరుకుతాయి. చిగర అడిగితే నన్ను వింతగా చూశారు. మా అమ్మ ఆ ఆకు ఎండబెట్టి పొడి కొట్టి మాకు తలంటేది. మోదుగ, రేల, వెలగ, మారేడు, చండ్ర కూడా మా కొండలవే. వీటి విత్తనాలు ఎవరో ఏరితే గానీ మొక్కలు రావు. ఖమ్మంలో వనజీవి రామయ్య గారు ఏ కంపెనీ లేకుండా జీవితమంతా చేసింది ఈ ఏరే పనే. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ బోర్డు వేసుకుని, విత్తనాలతో సైకిల్ మీద తిరిగారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2025 ఏప్రిల్‌లో పోయారు. మా స్కూలు పిల్లలకు వేసవి సెలవుల్లో కిలో విత్తనాలకు ఇంత అని ఇచ్చి చూడండి, మీ నర్సరీలు నిండిపోతాయి.

మీ శాఖవాళ్లకు చెట్టును పెంచడం రాదని నేను అనను. మా జిల్లాలోనే, కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానుకు పోయి చూడండి. 1989లో గిన్నిస్ పుస్తకంలో చేరింది, ఐదెకరాల దాకా పరుచుకుంది. పైనుంచి దిగే లేత ఊడల్ని గాలికి వదిలేయకుండా, వెదురు బొంగుల్లోకి దించి, లోపల మట్టీ ఎరువూ పోసి నేల అందేదాకా కాపాడతారు అక్కడి పనివాళ్లు. కదిరి డ్యూటీ పడినప్పుడు ఒకసారి అటు పోయి ఆ పని చూస్తూ నిలబడి నా టిఫిన్ టైమ్ అయిపోగొట్టుకున్నాను. ఒక ఊడ నేలకు తగిలి గట్టిపడడానికి ఏళ్లు పడుతుందని అక్కడి మనిషి చెప్పాడు. అంత ఓపిక ఉన్న శాఖే, గుట్ట మీద వందమొక్కలు ఏమయ్యాయో ఒక్కసారి కూడా అడగకుండా అనుమతి కాగితం ఇచ్చింది.

మా మేనకోడలికి మొదట చెప్పలేదు. బాధపడుతుందని. పోయిన దీపావళికి వీడియోకాల్‌లో తనే అడిగింది, “మామా, నీ చెట్లు ఎంత ఎత్తయినాయి?” అని. ఉన్నది చెప్పాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత “ఆ తొమ్మిదింటికి నీళ్లు పోసేదానికి ఎంతవుతుంది?” అంది. ఇప్పుడు ఆ గొర్రెల పెద్దాయన కోడలు వారానికి ఒకసారి పోసి వస్తోంది. చిగర పిలకల చుట్టూ రేగు కంప కూడా నాటింది, మేకలు పోకుండా. నేను నెలకోసారి పోయి లెక్క పెడతాను. పోయిన నెల వేప ఒకటి పోయింది, చెదలు పట్టి. కాబట్టి ఎనిమిది. పిలకలు నలభై ఒకటీ ఉన్నాయి, రెండు నా భుజం దాకా వచ్చాయి.

ఈసారి వనమహోత్సవానికి మా జిల్లాకు వస్తే మిమ్మల్ని కొత్త మొక్క నాటమని అడగను. నాతో ఆ గుట్ట ఎక్కండి. వానలు పడ్డాక కాదు, మే నెలలో, పొద్దున ఆరింటికే. నీళ్ల సీసా నేను తెస్తాను. సర్టిఫికెట్ ఫ్రేము ఇంకా గోడకే ఉంది, దాని మీద స్కెచ్ పెన్నుతో 100 కొట్టేసి 8 అని రాశాను. మీరు వచ్చేనాటికి ఆ అంకె ఎంత ఉంటే అంత చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కండక్టర్,
ధర్మవరం ప్రాంతం, శ్రీ సత్యసాయి జిల్లా